యుద్ధ ఖర్చులో వలస దేశపు వాటా: 1939 నవంబరు ఒప్పందాన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: హలసూరు విద్యార్థిని, బెంగళూరు

అందరికీ నమస్కారం. నేను బెంగళూరులో చరిత్ర ఎం.ఎ. చదువుతున్నాను. బ్రిటిష్ పాలనలో భారతదేశపు రక్షణ వ్యయాన్ని లండన్, ఢిల్లీ ఖజానాలు ఎలా పంచుకున్నాయన్నది నా పరిశోధన వ్యాసానికి తీసుకున్న అంశం. పంతొమ్మిదో శతాబ్దం భాగం రాయడం పూర్తయింది గానీ, 1939 నవంబరులో ఆ రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన ఆర్థిక ఒప్పందం దగ్గరికి వచ్చేసరికి నా వాదన నిలబడటం లేదు.

ఆ ఒప్పందం ప్రకారం భారత ఖజానా భరించవలసినవి నాలుగు పద్దులు. శాంతికాలంలో సైన్యానికి మామూలుగా అయ్యే నికర వ్యయం కింద ఏటా 36.77 కోట్ల రూపాయల నిర్ణీత మొత్తం, ధరలు పెరిగితే ఆ మేరకు దానిపై అదనం, కేవలం భారతదేశ ప్రయోజనం కోసమే చేపట్టిన యుద్ధ ఏర్పాట్ల ఖర్చు, దేశం వెలుపల ఉంచిన బాహ్య రక్షణ దళాల అదనపు వ్యయంలో వాటాగా ఒకే విడత ఒక కోటి రూపాయలు. ఇవి పోను మిగిలినదంతా బ్రిటన్ భరించాలి. 1940 ఫిబ్రవరి బడ్జెట్ సమయంలో ఆర్థిక సభ్యుడు (వైస్రాయి మండలిలో ఆర్థిక శాఖ చూసేవారు) సర్ జెరెమీ రైస్‌మన్ ఈ ఏర్పాటును కేంద్ర శాసనసభకు వివరించారు.

అంతకు ముందు ఎనభై ఏళ్లుగా జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. అబిసీనియా, ఆఫ్ఘనిస్తాన్, ఈజిప్టు, సూడాన్ దండయాత్రలన్నింటిలోనూ ఏదో ఒక రూపంలో ఖర్చు భారతీయ రైతు శిస్తు మీదే పడింది. అటువంటి ప్రభుత్వం ప్రపంచ యుద్ధం మొదలైన రెండు నెలలకే మిగిలినది మేము భరిస్తామని ఎందుకు ఒప్పుకున్నది? దీనిని ఔదార్యం అనాలా, ముందుచూపు లేని లెక్క అనాలా, ఢిల్లీ ఆర్థిక శాఖ పట్టుబట్టి సాధించినది అనాలా? ఇంకొక సందేహం కూడా ఉన్నది. బేరం ఆడిన రెండు పక్షాలూ ఒకే రాజరికపు ఉద్యోగులైనప్పుడు దానిని సంప్రదింపు అనడం న్యాయమేనా? ఈ విషయం చదివినవారు, లెక్కల శాఖల్లో పనిచేసినవారు ఎవరైనా వివరించగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1: విశ్రాంత లెక్కల అధికారి, బెంగళూరు

అమ్మా, మీరు రెండో సందేహంగా అడిగినదే నిజానికి ముందు తేల్చుకోవలసినది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. నేను రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి విరమించినవాడిని. రెండు కార్యాలయాలు ఒకే ప్రభుత్వానివైనా, ఖర్చును ఏ పద్దులో రాయాలన్న తగాదా ఎంత నిజమైనదో దగ్గరగా చూశాను. ఢిల్లీలోని ఆర్థిక సభ్యుడు ఆంగ్లేయుడే కావచ్చు, కానీ పన్ను వేయవలసినది ఆయనే. 1919 చట్టం ప్రకారం రక్షణ వ్యయం మీద శాసనసభకు ఓటు లేదు. అయితే ఆ వ్యయానికి డబ్బు తెచ్చే ఆర్థిక బిల్లు మాత్రం సభ ముందుకు రావలసిందే. సభ తిరస్కరిస్తే వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో దానిని ధ్రువీకరించుకోవచ్చు, 1930లలో అలాగే చేశారు కూడా. అలా చేసిన ప్రతిసారీ ప్రజల అంగీకారం లేని ప్రభుత్వమని లోకానికి మరొకసారి తెలిసేది. ‘ఇంతకు మించి పన్ను వేస్తే ఈ దేశాన్ని పాలించడం కష్టం’ అని చెప్పగలగడమే ఢిల్లీ చేతిలో ఉన్న బలం. 1939 అక్టోబరు, నవంబరు నెలల్లో కాంగ్రెసు మంత్రివర్గాలు ఒక్కొక్క రాష్ట్రంలోనూ రాజీనామా చేస్తున్న వేళ ఆ మాటకు ఎంత బరువు ఉండి ఉంటుందో మీరే ఊహించండి.

ఇక ఒప్పందం ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1858 భారత ప్రభుత్వ చట్టంలోని 55వ సెక్షన్, శత్రువు దండెత్తి వచ్చినప్పుడు తప్ప, సరిహద్దులు దాటి చేసే యుద్ధాలకు పార్లమెంటు ఉభయసభల అనుమతి లేకుండా భారత ఆదాయాన్ని వాడరాదని చెప్పింది. చట్టం అలా ఉండగానే 1867లో అబిసీనియా దండయాత్ర వచ్చింది. మన బెంగళూరులో కేంద్రం ఉన్న మద్రాసు శాపర్స్ (సైనిక ఇంజనీర్ల) దళాలు కూడా అందులో పాల్గొన్నాయి. అప్పుడు లండన్ చేసిన వాదన ఏమిటంటే, ఈ సిపాయిలు ఇంట్లో ఉన్నా జీతం ఇవ్వవలసినదే కదా, కనుక మామూలు జీతం భారతదేశం ఇవ్వాలి, ఓడ ప్రయాణం వంటి అదనపు ఖర్చు మాత్రం మేము ఇస్తాము అని. పైకి న్యాయంగా కనిపించే ఈ వాదన మీదే తరువాతి పోరాటమంతా నడిచింది. అన్ని దళాలను నెలల తరబడి బయటికి పంపగలిగారంటే, భారతదేశానికి అవసరమైన దానికంటే ఎక్కువ సైన్యాన్ని భారతదేశం సొమ్ముతో పోషిస్తున్నారన్నమాటే కదా!

భారతదేశపు ఖర్చులను పరిశీలించడానికి 1895లో వేసిన వెల్బీ కమిషన్‌లో దాదాభాయి నౌరోజీ సభ్యుడిగా ఉండి ఈ ప్రశ్ననే అడిగారు. 1897లో ఆ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పిన భారతీయుల్లో గోఖలే, వాచా, సురేంద్రనాథ్ బెనర్జీలతో పాటు మద్రాసు నుంచి వెళ్లిన జి. సుబ్రహ్మణ్య అయ్యర్ కూడా ఉన్నారు. ఫలితం చిన్నదే. ఏడెన్ రక్షణ, దళాల రవాణా వంటి కొన్ని పద్దుల్లో బ్రిటన్ వాటా తీసుకోవాలని 1900 నాటి నివేదిక సిఫారసు చేసింది. కానీ కొన్ని ఖర్చులు ఉమ్మడివన్న సూత్రం మొదటిసారి కాగితం మీదికి ఎక్కింది.

తలసరి రుసుము సంగతి కూడా మీ వ్యాసంలో తప్పక ఉండాలి. బ్రిటిష్ సిపాయి ఇక్కడికి రాకముందే ఇంగ్లండులో అతనిని చేర్చుకుని శిక్షణ ఇచ్చిన ఖర్చును తలకు ఇంత అని భారతదేశం నుంచి వసూలు చేసేవారు. 1861లో అది తలకు 10 పౌండ్లు. ఆ లెక్క మీద లండన్ యుద్ధ శాఖకూ, అక్కడే భారత వ్యవహారాలు చూసే ఇండియా ఆఫీసుకూ డెబ్బై ఏళ్లు తగాదా నడిచి, చివరికి 1932లో ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఆస్ట్రేలియాకు చెందిన సర్ రాబర్ట్ గారన్ అధ్యక్షుడు. బ్రిటన్ తరఫున లార్డ్ డునెడిన్, లార్డ్ టామ్లిన్. భారత్ తరఫున సర్ షాదీలాల్, సర్ షా మహమ్మద్ సులేమాన్. భారతదేశంలోని సైన్యం పెద్ద ఆపద వచ్చిన వెంటనే సామ్రాజ్యానికి అందుబాటులో ఉంటుందనీ, బ్రిటిష్ సైనికులకు నిజమైన యుద్ధానుభవం ఇక్కడే దొరుకుతుందనీ లెక్కలోకి తీసుకున్న ఫలితంగా, 1933లో బ్రిటన్ ఏటా 15 లక్షల పౌండ్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది. ఆ తరువాత 1939లో అడ్మిరల్ చాట్‌ఫీల్డ్ కమిటీ సైన్యం ఆధునికీకరణకు సుమారు 3.4 కోట్ల పౌండ్లు కావాలని తేల్చగా, అందులో నాలుగింట మూడు వంతులు ఉచితంగానూ మిగిలినది అప్పుగానూ ఇవ్వడానికి లండన్ సిద్ధపడింది.

కనుక నవంబరు నాటికి సూత్రం తయారుగానే ఉన్నది. మీరు అడిగిన మూడింటిలో ఔదార్యాన్ని నేను ఒప్పుకోను. ముందుచూపు లేని లెక్క అన్నది చాలా వరకు నిజం. 1939లో ఎవరూ ఫ్రాన్సు పతనాన్ని గానీ, జపాను బర్మా దాకా రావడాన్ని గానీ ఊహించలేదు. భారతదేశం నుంచి కొన్ని దళాలు వెళ్తాయి, కొంత సామగ్రి వెళ్తుంది, అంతే అనుకున్నారు. ఆర్థిక శాఖ సాధించినది మాత్రం ఒకటి ఉన్నది, అది చిన్నది కాదు. తమ వాటాను శాతంగా కాకుండా నిర్ణీత మొత్తంగా రాయించుకున్నారు. మొత్తం ఎంత పెరిగినా ఆ పద్దు 36.77 కోట్ల దగ్గరే ఆగుతుంది, ధరల సర్దుబాటు తప్ప.

అమలులో ఇది ఎలా ఉండేదో ఒక ఉదాహరణతో చెబుతాను. బెంగళూరులో యుద్ధం కోసం కొత్తగా ఒక శాపర్స్ కంపెనీని చేర్చుకున్నారనుకోండి. అది దేశ రక్షణకు అందుబాటులో ఉండి ఇక్కడే ఉన్నంత కాలం దాని జీతం, రేషను, బూట్లు, బ్యారక్ అన్నీ భారత ఖాతాలోకే. అదే కంపెనీ ఓడ ఎక్కి విదేశానికి బయలుదేరిన నాటి నుంచి ఖర్చు బ్రిటన్ ఖాతాలోకి. ఆ రోజు జీతం ఇచ్చేది ఢిల్లీయే. కానీ ఆ రసీదు లండన్ నుంచి వసూలు చేయవలసిన ఖర్చుల పుస్తకంలోకి మారుతుంది. మనిషి అదే, తుపాకీ అదే, పద్దు మాత్రం వేరు.

సమాధానం 2: మైలాపూరు అధ్యాపకుడు, చెన్నై

పై సమాధానం ఎంతో విలువైనది. అయితే పద్దుల దగ్గరే ఆగిపోతే ఈ ఒప్పందం భారతీయులకు గెలుపుగా కనిపిస్తుంది. నేను చెన్నైలో అర్థశాస్త్రం బోధిస్తాను, ఆ వైపు నుంచి నా అభిప్రాయం వేరు.

బ్రిటన్ తన వాటాను ఎలా చెల్లించిందో చూడండి. సరుకులు ఇవ్వలేదు, బంగారం ఇవ్వలేదు. లండన్‌లో రిజర్వు బ్యాంకు పేరిట స్టెర్లింగ్, అంటే బ్రిటిష్ పౌండ్లు, జమ వేసింది. 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం ప్రకారం బంగారంతో పాటు స్టెర్లింగ్ పత్రాలను కూడా ఆధారంగా చూపి నోట్లు జారీ చేయవచ్చు. అందువల్ల లండన్‌లో జమ పెరిగిన కొద్దీ ఇక్కడ నోట్లు అచ్చయ్యాయి, ఆ నోట్లతో ధాన్యం, బట్ట, ఉక్కు, కలప కొని యుద్ధరంగానికి పంపారు. యుద్ధం ముగిసేసరికి చలామణీలో ఉన్న నోట్లు ఆరు రెట్లు దాటాయి, మార్కెట్‌లో సరుకు మాత్రం తగ్గింది. పన్ను వేయకుండానే పేదవాడి పళ్లెంలో నుంచి వాటా తీసుకోవడమంటే ఇదే. 1943 బెంగాల్ కరువుకు కారణాలు అనేకం, కానీ ధరల ఈ పెరుగుదలను వాటి నుంచి వేరు చేసి చూడటం నాకు సాధ్యం కాదు.

యుద్ధం చివరికి లండన్‌లోని ఆ స్టెర్లింగ్ నిల్వ సుమారు 130 కోట్ల పౌండ్లు, అంటే రూపాయికి 18 పెన్నీల మారకంలో 1,700 కోట్ల రూపాయలకు పైమాట. మొత్తం యుద్ధ వ్యయాన్ని రెండు ప్రభుత్వాలూ రమారమి చెరిసగం మోశాయని లెక్క తేలుతుంది. అయితే ఒకరు వెంటనే మోశారు, మరొకరు అప్పు రాసిచ్చారు. ఈ తేడాను మీ వ్యాసం పట్టించుకోవాలి. ఆ నిల్వతో మొదట మన పాత స్టెర్లింగ్ అప్పులు తీరిపోవడం నిజమైన మేలే, దానిని నేను కాదనను.

అప్పు పెరుగుతుండగా ఏం జరిగిందన్నది ఇంకా ముఖ్యం. 1942 నుంచి చర్చిల్ ఈ ఒప్పందాన్ని తిరగదోడాలనీ, భారతదేశాన్ని జపాను నుంచి కాపాడినందుకు ఎదురు బాకీ వేయాలనీ పట్టుబట్టారు. భారత వ్యవహారాల మంత్రి ఆమెరీ దీనిని గట్టిగా వ్యతిరేకించారు. యుద్ధం మధ్యలో మాట తప్పితే సైన్యంలో చేరే మనుషులూ సరుకు ఇచ్చే వ్యాపారులూ ఏమనుకుంటారన్నది ఆయన ఆందోళన. ఒప్పందం నిలిచింది. 1944 జులైలో అమెరికాలోని బ్రెటన్‌వుడ్స్‌లో జరిగిన అంతర్జాతీయ ద్రవ్య సమావేశంలో రైస్‌మన్, సి.డి. దేశ్‌ముఖ్, ఆర్.కె. షణ్ముఖం చెట్టి, ఎ.డి. ష్రాఫ్ తదితరులున్న భారత బృందం ఈ నిల్వలలో కొంతైనా ఇతర దేశాల కరెన్సీలోకి మార్చుకునే దారి కొత్త ద్రవ్యనిధిలో ఉండాలని కోరింది. అది తిరస్కరణకు గురైంది. ఇది రెండు దేశాలు తమలో తాము తేల్చుకోవలసిన విషయమని బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త కీన్స్ నిలబడ్డారు. చివరకు 1948 జులైలో, స్వతంత్ర భారత ఆర్థిక మంత్రిగా అదే షణ్ముఖం చెట్టి లండన్‌లో కూర్చుని పరిష్కారం కుదుర్చుకున్నారు. బ్రిటిష్ వారు ఇక్కడ వదిలి వెళ్లిన సైనిక సామగ్రికీ కట్టడాలకూ 10 కోట్ల పౌండ్లు ఆ నిల్వలోంచే మినహాయించారు.

ఇంకొక మాట. ‘కేవలం భారతదేశ ప్రయోజనం’ అన్న మూడో పద్దుకు ఉన్న హద్దు యుద్ధం నడిచే కొద్దీ జరుగుతూ పోయింది. 1914 సెప్టెంబరు 22న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మా మద్రాసు తీరంలో చమురు తొట్లను కాల్చినప్పుడు అది ఒక రాత్రి భయం. హైకోర్టు ప్రహరీ గోడకు ఆ గుళ్ల జ్ఞాపకంగా ఒక ఫలకం ఈనాటికీ ఉన్నది. కానీ 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డ తరువాత విమానాశ్రయాలు, తీర రక్షణ, వైమానిక దాడుల నుంచి కాపాడే ఏర్పాట్లలో దేనినీ ఇది మా ప్రయోజనం కాదని చెప్పడానికి ఢిల్లీకి నోరు రాలేదు. నిర్ణీత మొత్తం కదలలేదు, నిజమే. దాని పక్కన ఉన్న పద్దు మాత్రం ఉబ్బిపోయింది.

సమాధానం 3: మల్లేశ్వరం పాఠకుడు, బెంగళూరు

మీరు బెంగళూరులోనే ఉన్నారు కనుక మైసూరు సంస్థానపు కప్పాన్ని పోల్చి చూడమని సూచిస్తున్నాను. అది వలస కాదు, సంస్థానం. అయినా రక్షణ పేరిట డబ్బు వసూలు చేసే తీరు ఎంత దగ్గరగా ఉంటుందో ఆశ్చర్యం కలుగుతుంది.

టిప్పు మరణించిన తరువాత 1799లో కుదిరిన ఒప్పందం ప్రకారం, కంపెనీ సైన్యం మైసూరును కాపాడుతుంది, అందుకు మైసూరు ఏటా ఏడు లక్షల పగోడాలు, అంటే 24.5 లక్షల రూపాయలు చెల్లించాలి. ఇక్కడ కూడా నిర్ణీత మొత్తమే. అయితే దానిని నిర్ణయించినది పుచ్చుకునేవాడు. 1881లో రాజ్యాన్ని వడయార్లకు తిరిగి అప్పగించేటప్పుడు ఆ మొత్తాన్ని 35 లక్షలకు పెంచారు. పెంచిన 10.5 లక్షలను రాష్ట్ర పరిస్థితి దృష్ట్యా వాయిదా వేసి 1896 నుంచి వసూలు చేశారు. సంస్థానాలన్నీ కలిసి చెల్లించే కప్పంలో దాదాపు సగం మైసూరుదే కావడం వల్ల ప్రజాప్రతినిధి సభలోనూ, దివాన్ల ఉత్తరాల్లోనూ ఇది ఎప్పుడూ మండే సమస్యగానే ఉండేది. నాల్వడి కృష్ణరాజ వడయార్ పాలన రజతోత్సవం జరిగిన 1927లో, మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉండగా, వైస్రాయి ఇర్విన్ ఆ 10.5 లక్షలను శాశ్వతంగా తగ్గిస్తున్నట్టు ప్రకటించారు.

మీరు గమనించవలసినది ఏమిటంటే, ఆ కప్పంతో పాటు మైసూరు ఈ కంటోన్మెంట్ భూమినీ ఇచ్చింది. 1809లో శ్రీరంగపట్నంలో జ్వరాలు తట్టుకోలేక దండు ఇక్కడికి మారింది. 1881 తరువాత సివిల్ అండ్ మిలిటరీ స్టేషన్ బ్రిటిష్ పాలనలోనే ఉండి 1947లో గానీ మైసూరుకు తిరిగి రాలేదు. భూమిని ఏ పద్దులోనూ రాయలేదు. భారతదేశం, బ్రిటన్ మధ్య జరిగిన లెక్కల్లోనూ ఇలా రాయకుండా వదిలిన వాటాలు ఉన్నాయేమో వెతకండి.

హలసూరు విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. వాదన ఇప్పుడు నాకు స్పష్టపడుతున్నది. ఎంత ఇవ్వాలన్న దానికంటే, దేనిని మన రక్షణ అనాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు తగాదాగా నేను రాయబోతున్నాను. అధికారి గారిని ఒక్కటే అడుగుతాను. వలసల వాటాను నిర్ణీత మొత్తంగా కాక ఆదాయంలో శాతంగా కట్టిన ఉదాహరణలు ఉన్నాయా? ఉంటే వాటి అనుభవం ఏమిటి?

విశ్రాంత లెక్కల అధికారి

ఉన్నాయమ్మా. స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్స్, అంటే సింగపూరు, పెనాంగు, మలక్కా, అలాగే హాంకాంగ్. 1890లలో ఆ రెండు చోట్లా వలస ఆదాయంలో 17.5 శాతం సైనిక వాటాగా కట్టారు, తరువాత దానిని 20 శాతానికి పెంచారు. అంతకు ముందు సింగపూరు వారి నిర్ణీత మొత్తాన్ని 50 వేల పౌండ్ల నుంచి ఒక్కసారిగా లక్షకు పెంచినప్పుడు వ్యాపారుల నిరసన తీవ్రమై, 1895లో శాసనమండలిలోని అనధికార సభ్యులు రాజీనామా చేసే దాకా వెళ్లింది. శాతం పద్ధతిలో వారికి దొరికిన ఊరట ఒకటే, చెడ్డ సంవత్సరంలో భారం తగ్గుతుంది. నష్టం మాత్రం ప్రతి ఏడూ ఉన్నది. రేవు బాగు కోసమో ఆసుపత్రి కోసమో పన్ను పెంచితే అందులో ఐదో వంతు లండన్ యుద్ధ శాఖకు వెళ్లిపోతుంది. యుద్ధకాలంలో భారత ప్రభుత్వ ఆదాయం ఎంతగా పెరిగిందో మీకు తెలుసు. రైస్‌మన్ గనుక శాతానికి ఒప్పుకొని ఉంటే ఆ పెరుగుదల వెంటే వాటా కూడా పెరిగేది.

మల్లేశ్వరం పాఠకుడు గారు అన్న రాయకుండా వదిలిన వాటాలకు నౌకాదళం మంచి చోటు. భారతదేశం బ్రిటిష్ నౌకాదళానికి ఏటా లక్ష పౌండ్లు ఇచ్చేది. 1938లో దానిని రద్దు చేశారు. అయితే దానికి షరతుగా భారతదేశం తన సొంత ఖర్చుతో కనీసం ఆరు ఆధునిక రక్షక నౌకలను పోషించాలన్నారు, అవి బ్రిటిష్ నౌకాదళానికి తోడుగా పనిచేయాలి. లక్ష పౌండ్ల పద్దు మాయమైంది, ఆరు నౌకల పద్దు వచ్చింది. ఈ రెండో మొత్తం ఏ వాటా లెక్కలోనూ కనిపించదు, నౌకాదళ బడ్జెట్‌లో మాత్రమే కనిపిస్తుంది. 1938 నుంచి 1940 వరకు ఆ బడ్జెట్ పత్రాలను గారన్ ట్రిబ్యునల్ అధ్యాయం పక్కనే పెట్టుకుని చదవండి. రాష్ట్ర పత్రాగారంలో దొరకని సంపుటాలను ఢిల్లీ జాతీయ పత్రాగారంలోని ఆర్థిక శాఖ దస్త్రాల్లో అడగవచ్చు.